అతుకు సిద్ధమైన 59 రోజులకు ఆపద!

కంప్యూటరు తెర మూలన ‘అప్‌డేట్లు సిద్ధం.. రీస్టార్ట్‌ చేయండి’ అన్న సందేశం కనిపించగానే ‘తర్వాత’ అన్న మీట నొక్కేయడం కార్యాలయాల్లో, మీ-సేవ కేంద్రాల్లో, జిరాక్సు దుకాణాల్లో పరిపాటిగా మారింది. కౌంటరు ఎదుట ధ్రువపత్రాల కోసం జనం బారులు తీరి ఉండగా యంత్రాన్ని పావుగంట నిలిపివేయడానికి ఏ ఆపరేటరూ సాహసించడు. ఈ వాయిదా ఎంతటి చేటు తెస్తుందో 2017 మే నెలలో ప్రపంచం చవిచూసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు ‘వానాక్రై’ అనే హానికర ప్రోగ్రాం బారిన పడినట్లు అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. ఫైళ్లకు తాళం వేయడం, తీయాలంటే బిట్‌కాయిన్ల రూపంలో 300 డాలర్లు చెల్లించాలని, మూడు రోజులు దాటితే అది రెట్టింపవుతుందని తెరపై హెచ్చరించడం దీని తీరు.

విచారించదగిన సంగతి మరొకటి ఉంది. వానాక్రై విరుచుకుపడింది మే 12న. అది చొరబడిన కన్నాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్‌ సంస్థ మార్చి 14నే విడుదల చేసింది. అంటే 59 రోజుల ముందే మందు సిద్ధంగా ఉంది. అది వేసుకున్న యంత్రాల్లోకి ఆ దారిన ఏదీ ప్రవేశించలేకపోయింది. వాయిదా వేసినవే చిక్కాయి.

తాళాల గుత్తి ఎవరి చేతిలో?

కంప్యూటరులోని ప్రోగ్రాములన్నింటికీ ఒకే స్థాయి అధికారం ఉండదు. తహసీల్దారు కార్యాలయాన్నే ఉదాహరణగా తీసుకుంటే, అర్జీదారు కౌంటరు వద్దే ఆగిపోవాలి. రికార్డు గదిలోకి తానే వెళ్లి అడంగల్‌ తీసుకునే వీలు లేదు. గుమాస్తా అర్జీని పరిశీలించి, అర్హత ఉంటేనే లోపలి నుంచి కాగితం తెచ్చి ఇస్తాడు. టైపింగ్‌ ప్రోగ్రాం, బ్రౌజరు, ఆటలు.. ఇవన్నీ అర్జీదారులే. మెమొరీ, డిస్కు, నెట్‌వర్క్‌ల జోలికి ఇవి నేరుగా పోలేవు. రికార్డు గది తాళాలు గల ఆ గుమాస్తా పేరే ‘కెర్నెల్‌’. విండోస్‌, లినక్స్‌, ఆండ్రాయిడ్‌.. దేనికైనా గుండెకాయ ఇదే. అందుకే ఇక్కడి లోపం తీవ్రత వేరు. బ్రౌజరులో లోపం ఉంటే దుండగుడు సాధారణంగా కౌంటరు దాకా వస్తాడు. కెర్నెల్‌లో ఉంటే తాళాల గుత్తే అతని చేత చిక్కుతుంది. యాంటీ వైరస్‌ను నిలిపివేసే అధికారం కూడా దక్కుతుంది.

వానాక్రై వాడుకున్న లోపం చూడబోతే చాలా చిన్నది. ఒక యంత్రంలోని ఫైళ్లను, ప్రింటరును అదే నెట్‌వర్క్‌లోని ఇతర యంత్రాలతో పంచుకునేందుకు విండోస్‌లో ఎస్‌ఎంబీ అనే పద్ధతి ఉంది. దాని తొలి రూపాన్ని నడిపే భాగం కెర్నెల్‌ లోపలే పనిచేస్తుంది. బయటి యంత్రం పంపిన ఒక జాబితా పొడవును అది లెక్కగట్టి, తగిన చోటు కేటాయిస్తుంది. ఆ పొడవును నమోదు చేసే సంఖ్య నాలుగు బైట్లది. దానిని సరిదిద్దే ఘట్టంలో రెండు బైట్లను మాత్రమే దిద్ది, మిగతా రెండింటినీ పాత విలువతోనే వదిలేశారు. దాంతో చిన్న చోటు కేటాయించి పెద్ద సరుకు కుమ్మరించడం సాధ్యమైంది. యాభై కిలోల సంచిలో డెబ్బై కిలోల ధాన్యం పోస్తే పొర్లి పక్కన పడుతుంది. కెర్నెల్‌ మెమొరీలో అలా పొర్లినది పక్కనున్న సమాచారాన్ని చెరిపివేసి, దుండగుడి ఆదేశాలు అమలయ్యేందుకు దారి ఇచ్చింది. దీనికి పాస్‌వర్డ్‌ అక్కర్లేదు. ఎవరూ దేనినీ క్లిక్‌ చేయనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఒక్క యంత్రానికి సోకితే చాలు, అది పొరుగు యంత్రాలను తానే వెతుక్కుంటూ పోయింది.

సవరణ కూడా అంతే చిన్నది. రెండు బైట్లకు బదులు నాలుగింటినీ దిద్దేలా లెక్క మార్చారు.

ఈ లోపాన్ని అమెరికా జాతీయ భద్రతా సంస్థ (ఎన్‌ఎస్‌ఏ) ముందే కనిపెట్టి, ‘ఎటర్నల్‌బ్లూ’ పేరిట ఆయుధంగా దాచుకుంది. ‘షాడో బ్రోకర్స్‌’ అనే ముఠా దానిని 2017 ఏప్రిల్‌ 14న బట్టబయలు చేసింది. ప్రభుత్వాలు ఇలా లోపాలను పోగుచేసుకోవడాన్ని మైక్రోసాఫ్ట్‌ అధ్యక్షుడు బ్రాడ్‌ స్మిత్‌ బాహాటంగానే తప్పుపట్టారు. ఆ విమర్శ సబబే. అయితే ఎవరూ లీక్‌ చేయకున్నా ముప్పు తప్పదు. సవరణ విడుదలైన మరుక్షణమే పాత ఫైలును, కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఉంటారు. తేడా ఎక్కడుందో కన్నమూ అక్కడే ఉన్నట్లు లెక్క. గోడకు ఎక్కడ కొత్త సున్నం పూశారో చూసి దొంగ ఆచూకీ పట్టినట్లే. సవరణ వేసుకోని యంత్రానికి విడుదల తేదీ నుంచి ప్రమాదం తగ్గకపోగా పెరుగుతుంది.

ఆసుపత్రుల నుంచి రేవుల దాకా..

వానాక్రై 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను కబళించింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల కింద ఉన్న 236 ట్రస్టుల్లో దాదాపు మూడోవంతుకు అంతరాయం కలిగింది. సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయన్న అంచనాను అక్కడి ఆడిట్‌ కార్యాలయం తన నివేదికలో పేర్కొంది. 2014 ఏప్రిల్‌లోనే సేవలు నిలిచిపోయిన విండోస్‌ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్‌ అత్యవసరంగా సవరణ ఇవ్వాల్సి వచ్చింది. నింద చాలావరకు ఎక్స్‌పీ మీదే పడినా, బాధిత యంత్రాల్లో అత్యధికం విండోస్‌ 7వేనని కాస్పర్‌స్కీ సంస్థ లెక్క తేల్చింది. అప్పటికి విండోస్‌ 7కు సవరణలు యథావిధిగా అందుతూనే ఉన్నాయి.

ఇంత జరిగాక 46 రోజులకు, జూన్‌ 27న, ‘నాట్‌పెట్యా’ ఇదే కన్నాన్ని ఒక మార్గంగా వాడుకుని మళ్లీ విరుచుకుపడింది. డెన్మార్క్‌ నౌకా సంస్థ మెర్స్క్‌కు 30 కోట్ల డాలర్ల వరకు నష్టం వాటిల్లింది. ముంబయి సమీపంలోని జవహర్‌లాల్‌ నెహ్రూ రేవులో ఆ సంస్థ టెర్మినల్‌ కూడా స్తంభించింది.

అప్‌డేట్లంటే భయమెందుకు?

ఆపరేటర్ల భయం నిరాధారమైనదేమీ కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్‌ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్ట ఫైలు కారణంగా 85 లక్షల విండోస్‌ యంత్రాలు నీలి తెరతో కుప్పకూలాయి. హైదరాబాద్‌ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్‌ పాసులు చేతితో రాసి ఇచ్చారు. అది విండోస్‌ సవరణ కాదు. కానీ ఆ సంస్థ ప్రోగ్రాం కూడా కెర్నెల్‌లోనే పనిచేస్తుంది కనుక యంత్రం మొత్తం పడిపోయింది. పెద్ద సంస్థలు సవరణను ముందుగా కొన్ని యంత్రాల్లో వేసి, ఒకటి రెండు రోజులు గమనించి మిగతా వాటికి పంపుతాయి. రెండు మూడు కంప్యూటర్లున్న కేంద్రం కూడా ఈ పద్ధతి పాటించవచ్చు. ముఖ్యమైన ఫైళ్లను విడి డిస్కులోకి కాపీ చేసి, దానిని యంత్రం నుంచి తొలగించి ఉంచాలి. తగిలించే ఉంచితే వానాక్రై వంటివి దానికీ తాళం వేస్తాయి.

షట్‌డౌన్‌ వేరు.. రీస్టార్ట్‌ వేరు

చాలామందికి తెలియని చిక్కు ఇక్కడే ఉంది. నడుస్తున్న బస్సుకు ఇంజిను మార్చలేనట్లే, పనిచేస్తున్న కెర్నెల్‌ను మార్చడం సులభం కాదు. పెద్ద సర్వర్లలో ఆపకుండానే అతుకు వేసే ఏర్పాటు లినక్స్‌కు ఉన్నప్పటికీ సాధారణ యంత్రాలకు రీస్టార్టే గతి. సవరణ దిగుమతి అయి డిస్కులో కూర్చున్నా, మెమొరీలో నడుస్తున్నది పాత కెర్నెలే.

‘రోజూ సాయంత్రం షట్‌డౌన్‌ చేస్తున్నాం కదా’ అన్న ధీమా కూడా సరికాదు. విండోస్‌ 8 నుంచి ‘ఫాస్ట్‌ స్టార్టప్‌’ అనే ఏర్పాటు ఉంది. అది అమల్లో ఉంటే షట్‌డౌన్‌ సమయంలో కెర్నెల్‌ స్థితిని డిస్కులో దాచి, మరుసటి ఉదయం దానినే తిరిగి తెస్తుంది. దీనివల్ల కొన్ని సవరణలు పూర్తికాకుండా మిగిలిపోవచ్చు. ‘రీస్టార్ట్‌’ నొక్కినప్పుడే కెర్నెల్‌ మొదటి నుంచి లోడ్‌ అవుతుంది.

ఫోన్లదీ ఇదే కథ. లినక్స్‌ కెర్నెల్‌లో 2007 నుంచి దాగిన ‘డర్టీ కౌ’ అనే లోపాన్ని 2016 అక్టోబరులో సరిదిద్దారు. ఆండ్రాయిడ్‌ అడుగున ఉన్నదీ లినక్స్‌ కెర్నెలే. అయితే ఆ సవరణ ఫోన్‌ తయారీదారు ద్వారా వినియోగదారుకు చేరాలి. చాలా ఫోన్లకు చేరలేదు. 2017 సెప్టెంబరులో ‘జెడ్‌ఎన్‌ఐయూ’ అనే హానికర యాప్‌ ఈ లోపంతోనే ఫోన్లను వశం చేసుకుంది. బాధితుల్లో అధికులు చైనా, భారత్‌లకు చెందినవారేనని ట్రెండ్‌ మైక్రో సంస్థ వెల్లడించింది. ఫోన్‌ సెట్టింగ్స్‌లో ‘అబౌట్‌ ఫోన్‌’ కింద ‘సెక్యూరిటీ అప్‌డేట్‌’ పక్కన ఒక తేదీ ఉంటుంది. పాత ఫోన్‌ కొనేవారు కెమెరా, బ్యాటరీలతో పాటు ఆ తేదీని చూడడం మేలు.

విండోస్‌ 10కి సాధారణ సేవలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. అదనపు భద్రతా సేవకు విడిగా నమోదు చేసుకున్న యంత్రాలకు, దీర్ఘకాలిక ప్రత్యేక ప్రతులకు మాత్రమే ఆ తర్వాత సవరణలు అందుతాయి. మిగిలిన విండోస్‌ 10 యంత్రాల తెరపై ఇకమీదట ‘రీస్టార్ట్‌ చేయండి’ అన్న సందేశం రాకపోతే, అంతా సవ్యంగా ఉన్నందువల్ల కాదు, పంపేందుకు సవరణ లేనందువల్ల.