ఒకే గుట్ట, రెండు నదులు: పిల్లలతో అనంతగిరి నుండి తాండూరు దాకా

ఏటా ఈ సంచిక చేతికి రాగానే దాతలు ముందుగా చూసేది లెక్కలు. ఎంతమందికి ఫీజులు కట్టాం, ఎన్ని పుస్తకాలు, యూనిఫారాలు ఇచ్చాం, ఎంతమంది పాసయ్యారు అన్నవి. అవి చూడవలసినవే. అయితే ఎన్నో ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులుగా మేము ఈసారి లెక్కల్లోకి రాని ఒక చదువు గురించి రాయదలచాం. అది సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకొని అడవికి, వాగుకు, చెరువుకు వెళ్లడం.

మన కుటుంబాలు బయటికి వెళ్లడం లేదని కాదు. పండుగ మర్నాడు బాసీ ఈద్ అంటే పిల్లలకు షికారే. వేసవి సెలవుల్లో బంధువులొస్తే వికారాబాద్ గుట్టకు ఒక ట్రిప్పు తప్పదు. కానీ ఆ ట్రిప్పు ఎలా జరుగుతుంది? కారు దిగి ఫోటోలు దిగుతాం, దస్తర్ఖాన్ పరిచి బిర్యానీ తింటాం, చీకటి పడకముందే తిరిగి వస్తాం. పిల్లలు ఏం చూశారని అడిగితే కోతుల్ని చూశామంటారు. అదే రోజును, అదే ఖర్చుతో, జీవితాంతం గుర్తుండే పాఠంగా మార్చవచ్చు. అందుకు కావలసింది ఒక్క ప్రశ్న: "ఇక్కడ పడిన వాన ఎటు పోతుంది?"

గుట్ట మీద నీటి పాఠం

వికారాబాద్ ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతగిరి గుట్టలు మూసీ నది పుట్టిన చోటు. అక్కడి నుంచి మూసీ తూర్పుకు సాగి గండిపేట, అంటే ఉస్మాన్ సాగర్, చేరుతుంది. 1908 సెప్టెంబరులో వచ్చిన వరద హైదరాబాదును ముంచెత్తిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో నిజాం ప్రభుత్వం కట్టించిన జలాశయం అది. 1920లో పూర్తయింది. అటు వరదనూ ఆపింది, ఇటు నగరానికి తాగునీరూ ఇచ్చింది. మూసీ ఆ తర్వాత నగరం మధ్యగా పారి, నల్గొండ వైపు వెళ్లి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ఇదే గుట్టల ప్రాంతంలో పుట్టిన కాగ్నా నది దారి వేరు. అది తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. భీమ రాయచూరు వైపు వెళ్లి కృష్ణలో కలుస్తుంది. అంటే పక్కపక్కనే పడిన రెండు వాన చినుకుల్లో ఒకటి చార్మినార్ ఊరికి, ఇంకొకటి గుల్బర్గా సీమకు పోవచ్చు. కాగ్నా వైపు పోయిన చినుకు శ్రీశైలం, నాగార్జున సాగర్ దాటుకొని వచ్చి, చివరికి వాడపల్లి దగ్గర తన తోబుట్టువును మళ్లీ కలుసుకుంటుంది.

ఈ సంగతి పుస్తకంలో "నదీ పరీవాహక ప్రాంతం" అన్న శీర్షిక కింద ఉంటుంది. పిల్లలు బట్టీ పట్టి పరీక్షలో రాసి మరచిపోతారు. గుట్ట మీద నిలబెట్టి చెబితే మరచిపోరు. పట్నం పిల్లలకు మూసీ అంటే ముక్కు మూసుకోవలసిన వంతెన. అదే నది ఇక్కడ అడవి చెట్ల వేర్ల మధ్య నుంచి సన్నని తేట నీటిగా మొదలవుతుందని కళ్లారా చూసిన పిల్లవాడు, దాన్ని ఎవరు పాడుచేశారని తానే అడుగుతాడు. ఆ ప్రశ్న పుడితే మన ట్రిప్పు ఖర్చు వచ్చేసినట్టే.

దారిలోనే పాఠం మొదలు

హైదరాబాదు నుంచి వికారాబాద్ సుమారు 75 కిలోమీటర్లు. కారు లేనివారికి రైలుంది. సికింద్రాబాదు నుంచి వాడి జంక్షన్ దాకా ఈ లైను వేసింది నిజాం రాజ్యంలో, 1874లో. వికారాబాద్, తాండూరు రెండూ ఈ లైను మీదివే. హైదరాబాదు సంస్థానానికి దివానుగా చేసిన, ఫలక్‌నుమా భవనం కట్టించిన పాయిగా నవాబు వికార్-ఉల్-ఉమ్రా పేరు మీదనే వికారాబాద్‌కు ఆ పేరు వచ్చింది. పిల్లలకు కిటికీ పక్కన సీటిచ్చి, నేల రంగు ఎక్కడ మారుతుందో చెప్పమనండి. వాళ్ల కళ్లు ఫోను మీద నుంచి బయటికి తిరుగుతాయి.

రోడ్డున వెళ్లేవారు చిలుకూరు దగ్గర మృగవని జాతీయ పార్కులో ఆగవచ్చు. మూడున్నర చదరపు కిలోమీటర్లకు కాస్త మించిన చిన్న అడవి అది. 1994లో జాతీయ పార్కు అయింది. మన రాష్ట్ర జంతువైన చుక్కల జింకను బోనులో కాకుండా చూసే అవకాశం ఉంది. అక్కడి నుంచి చేవెళ్ల దారిలో రోడ్డుకు రెండు వైపులా వందలాది పాత మర్రి చెట్లు కనిపిస్తాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాటిని కాపాడాలని పౌరులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి పోరాడారు. ఒక మర్రి కింద పది నిమిషాలు ఆగి, దానిమీద ఎన్ని రకాల పక్షులు వాలాయో లెక్కపెట్టమంటే చాలు.

వయసును బట్టి పని

అడవికి వెళ్తే పులి కనబడుతుందన్న ఆశ పిల్లలకు పెట్టకండి. అనంతగిరి అడవిలో చూడవలసినవి వేరే ఉన్నాయి. నెమళ్లు, పాలపిట్టలు, గిజిగాడి గూళ్లు, చెదపుట్టలు, సాలెగూళ్లు, వానాకాలమైతే ఎర్రని ఆరుద్ర పురుగులు, సీతాకోకచిలుకలు. చూడడానికి ఉదయం తొలి రెండు గంటలే మంచి సమయం. ఎండ ముదిరితే పక్షులు నీడ పడతాయి, పిల్లలు విసుగు పడతారు.

ఐదేళ్లలోపు వారిని నడిపించేది అరగంట చాలు. రాలిన ఆకుల్లో ఐదు ఆకారాలు ఏరమనండి. ఆరు నుంచి పది ఏళ్ల వారికి ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి, చూసినదాన్ని బొమ్మ వేయమనండి. ఫోటో తీసినవాడు క్షణం చూస్తాడు, బొమ్మ వేసేవాడు పది నిమిషాలు చూస్తాడు. పదేళ్లు దాటినవారికి బాధ్యత అప్పగించండి. ఒకరు దారి గుర్తుంచుకోవాలి, ఒకరు నీళ్ల సీసాలు చూడాలి, ఒకరు చెత్త సంచి మోయాలి. అందరూ కలిసి ఐదు నిమిషాలు కళ్లు మూసుకొని, మాట్లాడకుండా కూర్చొని, ఎన్ని శబ్దాలు విన్నారో చెప్పాలి. ఖర్చు లేని ఈ ఆట పెద్దలకు కూడా మంచిదే.

మన ఇళ్ల పిల్లలకు ఇంకొక సౌకర్యం ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. అందుచేత ప్రతి చెట్టుకూ పిట్టకూ రెండు పేర్లు అడగవచ్చు. చింత అంటే ఇమ్లీ, రేగు అంటే బేర్, నేరేడు అంటే జామున్, మోదుగ అంటే పలాస్, నెమలి అంటే మోర్, పాలపిట్ట అంటే నీల్‌కంఠ్. నానమ్మ ఒక పేరు చెబుతుంది, పక్కింటి తెలుగు స్నేహితుడు ఇంకొక పేరు చెబుతాడు. సీతాఫలం దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ ఒకే మాట అంటారు, పిల్లలు నవ్వుతారు. ఉర్దూ మీడియం పిల్లలు తెలుగంటే భయపడతారని మేము తరగతిలో చూస్తుంటాం. ఆ భయం చెట్టు కింద త్వరగా పోతుంది.

మొరం, నల్లరేగడి, నాపరాయి

వికారాబాద్ నుంచి తాండూరు సుమారు 40 కిలోమీటర్లు. ఈ కొద్ది దూరంలో నేల మూడు రకాలుగా మారుతుంది. గుట్ట మీద ఎర్రని మొరం. దాని కింద, దిగువ పొలాల్లో నల్లరాయి, నల్లరేగడి. అది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాడు పొంగిన లావా గట్టిపడి ఏర్పడిన దక్కను రాయి. తాండూరు చేరేసరికి సున్నపురాయి జాతికి చెందిన నాపరాయి, అంటే మన ఇళ్లలో పరచుకున్న తాండూరు బండ.

దీన్ని పరీక్షించడం తేలిక. ఒక గ్లాసు నీళ్లు ఎర్ర మొరం మీద, ఒక గ్లాసు నాపబండ మీద పోయమనండి. మొరం నీటిని తాగేస్తుంది, బండ మీద నీరు జారిపోతుంది. గుట్ట వాననీటిని ఇలా తాగి, మెల్లగా ఊటలుగా వదలడం వల్లే నదులకు అది పుట్టినిల్లు అయింది. పైన చెట్లుంటే నేల ఇంకా ఎక్కువ తాగుతుంది. చెట్లు పోతే వాన కొట్టుకుపోతుంది. అడవికీ మన ఇంటి నల్లాకూ ఉన్న సంబంధం ఇంతకంటే సులువుగా చెప్పలేం.

తాండూరులో కాగ్నా ఒడ్డు, చుట్టుపక్కల కంది చేలు చూపించండి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంట్లో రోజూ తినే ఖట్టీ దాల్ ఈ నేల నుంచి వచ్చిందని పిల్లలకు తెలియాలి. గనుల గుంతల అంచులకు మాత్రం పిల్లలను తీసుకెళ్లకండి. నీళ్లు నిండిన పాత గుంతలు ఎంత లోతో పైనుంచి తెలియదు.

కోట్‌పల్లి నీళ్ల దగ్గర

అనంతగిరి, తాండూరుల మధ్య కాగ్నా పరీవాహకంలో కోట్‌పల్లి ప్రాజెక్టు ఉంది. 1960లలో సాగునీటి కోసం కట్టినది. ఈమధ్య స్థానిక యువకులు నడిపే కయాకింగ్ పడవల వల్ల పేరొచ్చింది. పడవలు నడుస్తున్నాయో లేదో బయలుదేరేముందే కనుక్కోవాలి. ఒడ్డున కూర్చున్నా కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు కనబడతాయి. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో పైకి రావడం ఒక్కసారి చూసిన పిల్లవాడిని ఒడ్డు నుంచి లేపడం కష్టం.

ఇక్కడ మేము కటువుగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఈ జిల్లాలోని జలాశయాల్లో విహారానికి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కవద్దు, పెద్దలైనా సరే. ఈతకు దిగవద్దు. వజూ కోసం కూడా చెరువులోకి దిగకుండా, వెంట తెచ్చుకున్న నీళ్లు వాడండి. నీటి దగ్గర పిల్లల్ని చూడడం అందరి పని అనుకుంటే ఎవరి పనీ కాకుండా పోతుంది. గంటకొకరు చొప్పున పెద్దల్లో ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి. ఆ గంట ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు.

తక్కిన జాగ్రత్తలు

వెళ్లడానికి జూలై నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానల్లో పచ్చదనం, ఆ తర్వాత తంగేడు పూలు, చలికాలంలో వలస పక్షులు, చివర మోదుగ పూలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, కార్చిచ్చు భయం రెండూ ఉంటాయి. అడవిలో పొయ్యి వెలిగించవద్దు, వంట ఇంటి నుంచే తీసుకెళ్లండి. పొగకు తేనెటీగలు కూడా లేస్తాయి.

కోతులకు తిండి పెట్టడం సవాబు అనుకునేవారున్నారు. ఆ అలవాటు వల్లే అవి పిల్లల చేతుల్లోని సంచులు లాక్కుంటున్నాయి. కోతి గాని కుక్క గాని కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన కాలు చెయ్యి కదలనీయకుండా 108కి ఫోన్ చేసి, ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

ఇంకొక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి చిలుకలను, నక్షత్ర తాబేళ్లను పట్టడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. పంజరంలో చిలుక ఉండడం మన ఇళ్లలో పాత ముచ్చట. గుట్ట మీద చిలుకల గుంపు ఎగరడం చూపించి ఈ చట్టం గురించి చెబితే, పిల్లలే ఇంటికెళ్లి పెద్దలకు పాఠం చెబుతారు.

దాతలకు మా విన్నపం

అడవి మనకోసం ఎప్పుడూ ఇలాగే కాచుకొని ఉండదు. పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నావికాదళం సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ అవసరం ఒకవైపు, అడవి, నీరు ఒకవైపు. ఇలాంటి విషయాల మీద రేపు ఆలోచించి మాట్లాడవలసింది నేటి పిల్లలే. చూడని అడవి గురించి వాళ్లు ఏమని మాట్లాడగలరు?

తాండూరులో బండల పాలిష్ యూనిట్ల పక్కన, ఆ దుమ్ములోనే పెరుగుతున్న పిల్లలున్నారు. వికారాబాద్ బస్తీల్లో, గుట్టను రోజూ దూరం నుంచి చూస్తూ ఒక్కసారి కూడా ఎక్కని పిల్లలున్నారు. తండ్రికి కూలి పోయే రోజు ఉండదు, తల్లికి తోడు దొరకదు. మీ సహాయంతో వాళ్లకు ఫీజు, పుస్తకం అందుతున్నాయి. దానికి ఒక రోజును జోడించమని మా విన్నపం.

ఇది పెద్ద పథకం కాదు. మీ కుటుంబం వెళ్లేటప్పుడు అలాంటి ఇంకొక కుటుంబాన్ని, తల్లిదండ్రులతో సహా, వెంట తీసుకెళ్లండి. ఒకే దస్తర్ఖాన్ మీద భోజనం చేయండి. వీలైనవారు ఏడాదికి ఒక బస్సు కిరాయి భరించండి, లేదా బడికి రెండు బైనాక్యులర్లు, పది భూతద్దాలు ఇవ్వండి. పిల్లలను నడిపించి చూపించే పని ఉపాధ్యాయులుగా మేము చూసుకుంటాం, ఇన్షా అల్లాహ్.

వచ్చే వానాకాలం తొలి జల్లుల తర్వాత ఒక ఆదివారం ఇందుకు కేటాయించండి. గుట్ట మీద పిల్లలను నిలబెట్టి, నీళ్లు ఎటు పోతాయని అడగండి. జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే వెతకనివ్వండి.