వెయ్యికి 255

మన సంఘంలో అందరమూ క్రికెట్ వాళ్ళమే. బేస్‌బాల్ జ్ఞానం నాకూ అంతంతమాత్రం. కానీ బ్యాంకు వాణ్ణి, అంకెలు కనిపిస్తే వదలలేను.

చార్లీ లా అనే అమెరికన్ 1956లో మొదలుపెట్టి 1967 దాకా పెద్ద లీగులో ఆడాడు. డెట్రాయిట్, మిల్వాకీ, బాల్టిమోర్, కాన్సాస్ సిటీ... అచ్చం మా ట్రాన్స్‌ఫర్లే! బ్యాటింగ్ సగటు .255. అంటే వెయ్యి అవకాశాలకు 255 హిట్లు. మామూలు ఖాతా.

తర్వాత కోచ్ అయ్యాడు. 1974లో కాన్సాస్ సిటీ రాయల్స్‌లో జార్జ్ బ్రెట్ అనే కొత్త కుర్రాడు .200 దగ్గర కొట్టుకుంటున్నాడు. లా అతను నిలబడే తీరు మార్చాడు. ముందు బరువు వెనక కాలి మీద ఉండాలి, కొట్టేటప్పుడు ముందు కాలి మీదికి రావాలి, తల మాత్రం కదలకూడదు. సీజన్ చివరికి .282. 1980లో అదే బ్రెట్ .390 సాధించాడు. గురువుగారి మొత్తం సగటుకు ఎంతో పైన ఉన్న అంకె అది.

లా 1984లో కేన్సర్‌తో పోయాడు. అప్పటికి 50 ఏళ్ళే.

నేను పని నేర్పిన ఇద్దరు కుర్రాళ్ళు నన్ను దాటి ప్రమోషన్లు అందుకున్నారు. మొదట్లో కడుపు మండింది, దాచుకోను. మొన్న వాళ్ళలో ఒకరు ఫోన్ చేసి, "సార్, తేడా పడిన లెక్క పట్టుకోవడం మీరెలా చెప్పారో, మా కొత్తవాళ్ళకూ అలాగే చెబుతున్నా" అన్నాడు. ఆ రోజు మా ఆవిడకు ఆ మాట మూడుసార్లు చెప్పానట.