వాథీ అఖాతంలో అల ఎందుకు లేవదు?

జూలై, ఆగస్టు నెలల్లో గ్రీస్‌లోని పిరేయస్ రేవు నుంచి దీవులకు బయల్దేరేవాళ్ళు టికెట్ చేతిలో ఉన్నా గాలి సంగతి అడిగి తెలుసుకోవాల్సిందే. ఆ రోజుల్లో ఈజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక కనిపించదు, ఎండ కాస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం తెల్లటి నురగలతో లేచి పడుతూ ఉంటుంది. గాలి మరీ ముదిరితే ప్రయాణికుల ఓడలను రేవులోనే ఆపేస్తారు. సరిగ్గా అలాంటి రోజున, సిఫ్నోస్ దీవిలో వాథీ అనే పల్లె ముందు నీళ్ళు కదలకుండా ఉంటాయి. నడుము లోతులో నిలబడినా కాలివేళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. చిన్నపిల్లలు ఒడ్డున భయం లేకుండా ఆడుకుంటారు.

సిఫ్నోస్ సైక్లడీస్ దీవుల్లో ఒకటి. వైశాల్యం సుమారు 74 చదరపు కిలోమీటర్లు. ఓడ పడమటి తీరాన కమారెస్ రేవులో దింపుతుంది. అక్కడి నుంచి రోడ్డు కొండ మీది అపోలోనియాకి ఎక్కి, మళ్ళీ నైరుతి మూలకు దిగితే వాథీ వస్తుంది. 1990ల దాకా ఆ రోడ్డు లేదు, పడవ మీదో కాలిబాటనో రావాల్సిందే. అఖాతం దాదాపు గుండ్రంగా ఉంటుంది. పడమటి వైపు ఇరుకైన నోరు, లోపలి అంచున మెత్తని ఇసుక, ఇసుక వెంబడి టామరిస్క్ చెట్లు. దూరం నుంచి చూస్తే మన సరుగుడు చెట్లలా సన్నటి ఆకులతో కనిపించే ఈ చెట్లు వేళ్ళతో పీల్చుకున్న ఉప్పును ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తాయి. అందుకే చాలా చెట్లు బతకని చోట నీడనిస్తాయి. ఒడ్డున మైకేల్, గబ్రియేల్ దేవదూతల పేర తెల్లటి పాత చర్చి ఉంది. దాని ప్రాకారం పాదాన్ని నీళ్ళు తాకుతుంటాయి.

ఇంత ప్రశాంతత ఎలా వచ్చిందంటే, చుట్టూ కొండలున్నాయి కాబట్టి అని ఎవరైనా చెబుతారు. అది నిజమే, కానీ కథలో అదొక భాగం మాత్రమే. కొండలు ఏ గాలిని అడ్డుకుంటున్నాయో, ఆ గాలి ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి.

ఈ గాలి గురించి అరిస్టాటిల్ తన వాతావరణ గ్రంథంలోనే రాశాడు. వేసవి అయనాంతం దాటాక, లుబ్ధక నక్షత్రం ఉదయించే రోజుల్లో ఇది మొదలవుతుందనీ, పగలు వీచి రాత్రికి తగ్గుతుందనీ గమనించాడు. ఉత్తరాన మంచు కరగడంతో దాన్ని ముడిపెట్టాడు. క్రీ.పూ. 48లో జూలియస్ సీజర్ అలెగ్జాండ్రియా నుంచి కదలలేకపోవడానికి ఈ గాలులే కారణమని ఆయనే రాసుకున్నాడు. అంటే రెండు వేల ఏళ్ళకు పైగా సముద్రం మీద తిరిగేవాళ్ళు ఈ గాలి రాకపోకలను లెక్కలోకి తీసుకుంటూనే ఉన్నారు.

ఈ గాలికి కారణంలో ఒక సగం బాల్కన్ ప్రాంతం మీద ఏర్పడే అధిక పీడనం. రెండో సగం మన వైపు నుంచి మొదలవుతుంది. వేసవిలో వాయవ్య భారతం, పాకిస్తాన్ నేలలు కాగి ఏర్పడే అల్పపీడనం అక్కడితో ఆగదు. ఇరాన్ మీదుగా తుర్కియే దాకా పడమటికి సాగుతుంది. పడమట అధిక పీడనం, తూర్పున అల్పపీడనం, ఆ రెంటి నడుమ ఈజియన్. భూభ్రమణం గాలిని పక్కకు తిప్పుతుంది కాబట్టి అది ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి తిన్నగా పోకుండా, ఆ రెంటి మధ్య ఉత్తరం నుంచి దక్షిణానికి పరుగెడుతుంది.

మరి అంత గాలికీ వాన ఎందుకు రాదు? 1996లో బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ వాతావరణ శాస్త్రవేత్తలు మార్క్ రోడ్‌వెల్, బ్రయాన్ హోస్కిన్స్ దీనికి చక్కని వివరణ ఇచ్చారు. నైరుతి రుతుపవనం భారత ఉపఖండం మీద, బంగాళాఖాతం మీద కురిసేటప్పుడు ఆవిరి నీరుగా మారుతూ అపారమైన వేడిని పై గాలిలోకి వదులుతుంది. ఆ వేడి వాతావరణంలో పుట్టించే కదలిక పడమటి వైపు వేల కిలోమీటర్లు పాకుతుంది. దాని ప్రభావంతో తూర్పు మధ్యధరా ప్రాంతం మీద గాలి కిందికి దిగుతుంది. దిగే గాలి నొక్కుకుని వేడెక్కి, తేమ శాతం తగ్గి, మబ్బు కట్టనివ్వదు. మన పొలాల్లో నాట్లు పడే నెలల్లో సిఫ్నోస్ కొండలు ఎండి గోధుమరంగుకు తిరగడం వెనుక ఈ సంబంధం ఉంది. వాతావరణ శాస్త్రంలో నన్ను ఇంతగా కదిలించిన విషయం మరొకటి లేదు. ఎక్కడి మేఘం, ఎక్కడి ఎండ!

ఇక ఆ గాలి అలను ఎలా లేపుతుందో చూద్దాం. అల ఎత్తును మూడు విషయాలు నిర్ణయిస్తాయి: గాలి వేగం, అది వీచిన సేపు, అడ్డులేకుండా నీటి మీద అది పరుగెత్తిన దూరం. బయట ఈజియన్‌లో ఆ దూరం పదుల, వందల కిలోమీటర్లు. వాథీలో ఉత్తరపు గాలి కొండ దాటి అఖాతంలో పడ్డాక దానికి దొరికే నీరు చాలా కొంచెం. అల పెద్దదయ్యేలోపే ఎదుటి ఒడ్డు వచ్చేస్తుంది. అయితే కొండచాటున గాలి ఉండదనుకోకూడదు. కొండ ఎక్కిన గాలి అవతలి వాలు వెంట ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. సైక్లడీస్‌లో పడవ నడిపేవాళ్ళకు ఇది బాగా తెలుసు. కొండచాటు అలను ఆపుతుంది కానీ ఈ కుదుపు గాలిని ఆపలేదు. చదునైన నీటి మీద కూడా లంగరు గట్టిగా పట్టిందో లేదో వాళ్ళు రెండుసార్లు చూసుకునేది అందుకే.

పడమటి నోటి గుండా లోపలికొచ్చే అలల సంగతి వేరు. ఇరుకు దారిలోంచి వచ్చిన అల లోపల విసనకర్ర ఆకారంలో విచ్చుకుంటుంది. భౌతికశాస్త్రంలో దీన్ని వివర్తనం అంటాం. ఉన్న శక్తి అంతా పొడవు పెరిగిన అల అంచు మీద పరుచుకుపోతుంది కనుక ఎత్తు తగ్గిపోతుంది. లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదించి వంగి, ఒడ్డుకు సమాంతరంగా తిరుగుతుంది. ఇసుక ఒడ్డు కూడా ఏళ్ళ తరబడి ఆ వంపుకే సర్దుకుంటుంది. కాబట్టి వాథీ లాంటి చోట ఒడ్డు పొడవునా అల దాదాపు ఒకేసారి తాకుతుంది. ఏటవాలుగా తాకదు కాబట్టి ఇసుకను పక్కకు తోసుకుపోదు. నెలవంకలా కనిపించే ఆ ఒడ్డు గీతను గీసింది అలలే. బలమైన అలలు లేవు కాబట్టే సన్నటి ఇసుక నిలిచింది. దానిలో మెరిసే రేకులు అభ్రకానివి, చుట్టుపక్కల కొండల్లోని పలకరాళ్ళు అరిగి, శీతాకాలపు వాగుల వెంట కొట్టుకొచ్చినవి.

అసలు అఖాతం ఎలా ఏర్పడిందంటే, సముద్రం పైకి లేచి లోయను ముంచేయడం వల్ల. సుమారు 20,000 ఏళ్ళ క్రితం, మంచుయుగం ఉచ్చదశలో, ప్రపంచంలో ఎంతో నీరు మంచుపలకల్లో బందీగా ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి వచ్చాక సైక్లడీస్ తీరాల్లోని లోయలు మునిగి అఖాతాలయ్యాయి. ఆ తర్వాత కూడా నీరు పూర్తిగా ఆగలేదు. సిఫ్నోస్ ఈశాన్య తీరాన అగియోస్ సోస్టిస్ దగ్గర క్రీ.పూ. మూడో సహస్రాబ్ది నుంచి తవ్విన వెండి గనులున్నాయి. వాటి సొరంగాలు కొన్ని ఇప్పుడు సముద్రపు నీటిలో మునిగి ఉన్నాయి. క్రీ.శ. రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియాస్, సిఫ్నోస్ వాళ్ళు అపోలో దేవుడికి కట్టాల్సిన వాటా ఎగ్గొట్టినందుకు సముద్రం గనులను ముంచిందని రాశాడు. గనులు మునిగిన మాట మాత్రం నిజం.

ఆటుపోట్ల గురించి ఒక్క మాట. విశాఖపట్నంలో పెద్ద పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం ఒకటిన్నర మీటరు దాకా మారుతుంది. ఈజియన్‌లో చాలాచోట్ల ఆ తేడా జానెడు ఉంటే గొప్ప. అట్లాంటిక్ పోటు లోపలికి రావడానికి ఉన్న జిబ్రాల్టర్ దారి వెడల్పు ఇరుకు చోట సుమారు 14 కిలోమీటర్లే. సొంతంగా పెద్ద పోటు పుట్టించుకునేంత విస్తీర్ణం మధ్యధరాకి లేదు. చర్చి గోడ, భోజనశాల బల్లలు నీటి అంచునే ఉండగలగడం ఈ కారణంగానే. వాథీ కుమ్మరులకూ ఇదే కలిసొచ్చింది. సముద్రపు దొంగల భయం ఉన్నంతకాలం జనం కొండల మీదే ఊళ్ళు కట్టుకున్నారు. ఆ భయం తగ్గాక కుమ్మరులు ఒడ్డుకు దిగి, నీటిమట్టం పెద్దగా మారని ఈ అంచునే కుండలు కాల్చే బట్టీలు పెట్టి, కాల్చిన కుండలను నేరుగా పడవలకెక్కించారు. శనివారం రాత్రి శనగలు వేసి కట్టెల పొయ్యిలో పెట్టి, ఆదివారం మధ్యాహ్నానికి తీసే రెవిథాద అనే వంట ఇప్పటికీ ఆ మట్టి పాత్రల్లోనే చేస్తారు.

నీళ్ళు అంత తేటగా ఉండటానికి కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది: ఆ సముద్రం పేదది. తూర్పు మధ్యధరాలో ఆవిరయ్యే నీరు ఎక్కువ, వచ్చి కలిసే నదులు తక్కువ. అందుకే ఉప్పు కిలోకి 39 గ్రాముల దాకా ఉంటుంది. మహాసముద్రాల సగటు 35. అట్లాంటిక్ నుంచి పోషకాలు తక్కువున్న పై నీరు లోపలికి వస్తుంది, అడుగునున్న ఉప్పు నీరు పోషకాలను వెంటేసుకుని బయటికి పోతుంది. ముఖ్యంగా భాస్వరం కొరత వల్ల కంటికి కనిపించని నాచు పెరగదు, నీటికి ఆకుపచ్చదనం పట్టదు. గోదావరి, కృష్ణ ఒండ్రు కలిసే మన తీరపు నీరు బురదగా ఉంటుందని చిన్నబుచ్చుకోనవసరం లేదు. ఆ మట్టిలోని పోషకాలే మన చేపలకు తిండి.

ఈ తేటదనాన్ని ఆసరా చేసుకుని బతికే మొక్క పొసిడోనియా. చాలామంది దీన్ని నాచు అనుకుంటారు. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ అన్నీ ఉన్న మొక్క ఇది. నేల మీది మొక్కల వంశంలో పుట్టి తిరిగి సముద్రంలోకి వెళ్ళింది. ఇక్కడి జాతి మధ్యధరాలో తప్ప మరెక్కడా పెరగదు. వెలుతురు అందితే 40 మీటర్ల లోతు దాకా గడ్డిమైదానాలు పరుస్తుంది. మీటరు దాకా పెరిగే ఆకులు అడుగున నీటి వేగాన్ని తగ్గిస్తాయి. వేళ్ళు, కాండాలు ఇసుకను బంధించి, శతాబ్దాల మీద మీటర్ల మందాన దిబ్బలు కడతాయి. ఆకుల మీద బతికే సూక్ష్మజీవుల గుల్లలు విరిగి ఒడ్డుకు కొత్త ఇసుకవుతాయి. అంటే ఒడ్డుకు మొదటి రక్షణ కొండ, రెండోది ఈ గడ్డి. మొదటిది అందరికీ కనిపిస్తుంది.

శరత్కాలంలో రాలిన ఆకులు ఒడ్డుకు కొట్టుకొచ్చి గోధుమరంగు కుప్పలవుతాయి. కొన్నిచోట్ల మీటరు ఎత్తు దాకా పేరుకుంటాయి. శీతాకాలపు తుఫాను అలలు ఇసుక మీద పడకుండా ముందు ఈ కుప్పల మీద పడి బలం కోల్పోతాయి. పూర్వం జనానికి వీటి విలువ తెలుసు. వెనిస్‌లో గాజుసామాను పగలకుండా చుట్టడానికి ఈ ఎండుటాకులు వాడేవారు. సైక్లడీస్ ఇళ్ళ మిద్దెల్లో వాసాల మీద, మట్టి కింద పరిచేవారు. ఇప్పుడు మాత్రం వాసనొస్తోందనీ, ఫొటోలకు అడ్డమనీ వేసవికి ముందే ట్రాక్టర్లతో తీసేయించే తీరాలు మధ్యధరా చుట్టూ చాలా ఉన్నాయి. ఆకులతో పాటు ఇసుకా పోతుంది. ఏటా అలా చేసి, ఒడ్డు కోసుకుపోతోందని తర్వాత బాధపడటం నాకు చాలా విచారంగా అనిపిస్తుంది. కొన్ని తీరాల్లో వేసవిలో ఆకులను పక్కన పోగుచేసి, శరత్కాలంలో మళ్ళీ ఒడ్డున పరుస్తున్నారు. అది మంచి పద్ధతి.

అంతకంటే పెద్ద దెబ్బ లంగరు వల్ల. గాలికి భయపడి వచ్చిన పడవలన్నీ ఇలాంటి అఖాతాల్లోనే ఆగుతాయి. లంగరు గడ్డిని వేళ్ళతో సహా పెకలిస్తుంది, గొలుసు చుట్టూ తిరుగుతూ మరింత కోస్తుంది. పొసిడోనియా కాండం పక్కలకు సాగేది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. ఒక రాత్రి పడిన గుంత పూడడానికి దశాబ్దాలు పట్టవచ్చు. యూరోపియన్ యూనియన్ 1992 నాటి చట్టంలో ఈ గడ్డిమైదానాలకు ప్రాధాన్య రక్షణ ఉంది. స్పెయిన్‌లోని బలియారిక్ దీవులు 2018లో వీటి మీద లంగరు వేయడాన్నే నిషేధించాయి.

ఆ నీటి తేటదనమే పడవవాళ్ళకు సాయం చేస్తుంది. ఎండ పైనుంచి పడే వేళ పడవ అంచు నుంచి చూస్తే లేత ఆకుపచ్చగా కనిపించేది ఇసుక, ముదురు నీలంగా మచ్చలుగా కనిపించేది గడ్డి. సైక్లడీస్‌కి వెళ్ళి పడవ అద్దెకు తీసుకునేవాళ్ళు లంగరు దింపేముందు ఆ లేత రంగు చోటే చూపించమని అడగాలి. ఇసుకలో లంగరు పట్టు కూడా బాగా దొరుకుతుంది.