పరుగుకు బలము ప్రేగులలో

పోలీసు ఉద్యోగపు పరుగు పరీక్షకు సిద్ధమగుచున్న యువకుడొకడు ఆ మధ్య నా వద్దకు వచ్చినాడు. 1600 మీటర్ల పరుగులో మూడు చుట్లు పూర్తియై నాలుగవ చుట్టు మొదలు కాగానే కడుపులో మెలిపెట్టి నిలిచిపోవుచున్నాడట. బలానికి లేహ్యమేదైనా ఇమ్మన్నాడు. ఆహారము విచారించితిని. పరుగుకు ముందు డబ్బాపొడి కలిపిన పాలు, రాత్రి పది దాటిన తరువాత బిర్యానీ. మజ్జిగ, ఆకుకూరలు మానివేసి ఆరు నెలలైనది. విరేచనములైనప్పుడెల్లా తానే కొని మ్రింగిన యాంటీబయాటిక్ మాత్రలు.

"నాయనా, లోపము నీ కాళ్లలో కాదు, కోష్ఠములో ఉన్నది" అంటిని. అతడు నమ్మలేదు. ఇట్టి సందేహము పాఠకులలో కూడ కొందరికి ఉండవచ్చును.

మన పెద్దప్రేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు నివసించుచున్నవి. మనము అరిగించుకొనలేని పీచుపదార్థమును అవి పులియబెట్టి కొన్ని ఆమ్లములను తయారుచేయును. వానిలో బ్యుటిరేట్ ప్రేగుగోడ కణములకు ఆహారము. ప్రొపియొనేట్ రక్తములో చేరి శక్తికి తోడ్పడును.

2015 సంవత్సరపు బోస్టన్ మారథాన్‌లో పాల్గొన్న కొందరి మలమును అమెరికా శాస్త్రజ్ఞులు పరుగుకు ముందూ తరువాతా పరీక్షించిరి. పరుగు తరువాత వెయిలొనెల్లా అను సూక్ష్మజీవి వృద్ధి చెందినట్లు కనుగొనిరి. కండరములు తీవ్రముగా శ్రమించినప్పుడు పుట్టు లాక్టేట్‌లో కొంత రక్తము ద్వారా ప్రేగులకు చేరును. ఈ జీవి దానినే భుజించి ప్రొపియొనేట్‌గా మార్చును. దీనిని ఎలుకలకు ఇచ్చి చూడగా అవి సుమారు 13 శాతము ఎక్కువసేపు పరుగెత్తినవి. ఈ ఫలితములు 2019లో ప్రకటింపబడినవి. అయితే ఎలుకలలో కనబడినది మనుష్యులలో కూడ అంతే జరుగునని తలపరాదు.

మన ప్రాచీనులు సూక్ష్మజీవులను చూచిరని నేను చెప్పను. వారు చూచినది ఫలితమును. ఆహారము చక్కగా జీర్ణమైనదనుటకు శుద్ధమైన త్రేనుపు, శరీరలాఘవము, ఆకలిదప్పులతోపాటు ఉత్సాహమును కూడ లక్షణముగా చెప్పిరి. ఉత్సాహము అగ్నిని ఆశ్రయించి యున్నదని దీని భావము.

ఆ యువకుని కడుపునొప్పికి మరియొక కారణము కలదు. వేగముగా పరుగెత్తునప్పుడు రక్తము కండరములకూ చర్మమునకూ మళ్లి ప్రేగులకు తగ్గును. ఆ సమయమున కడుపు నిండుగా ఉన్నచో మెలిపెట్టుట సహజము. అతనికి చెప్పిన నియమములే మీకును చెప్పుచున్నాను.

పరుగుకు రెండు మూడు గంటల ముందే భోజనము ముగించవలెను. రాత్రి భోజనము పెందలకడ చేయవలెను. దంపుడు బియ్యము, రాగులు, జొన్నలు, పప్పులు, ఆకుకూరలు మెల్లమెల్లగా పెంచవలెను. ఒక్కసారిగా పెంచిన ఉబ్బరము కలుగును. మధ్యాహ్న భోజనాంతమున వెన్న తీసిన పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్రపొడి, సైంధవలవణము కలిపి త్రాగవలెను. మజ్జిగలో వెయిలొనెల్లా ఉండునని కాదు, అది అగ్నిదీపకము, తేలికగా అరుగును. పాలు సరిపడనివారు కొద్దిగా త్రాగి చూచుకొనవలెను. పోటీనాడు క్రొత్త ఆహారమేదియు తినరాదు.

యాంటీబయాటిక్ మాత్రలు చెడు జీవులతోపాటు మేలుచేయు జీవులను కూడ చంపును. కావున వైద్యుడు చెప్పనిదే వాడరాదు. చెప్పినచో మధ్యలో మానరాదు. మలములో రక్తము, జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో గృహవైద్యముతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడవలెను.

వ్యాయామమును అర్ధశక్తితో చేయుమని శాస్త్రము. నుదుట, చంకలలో చెమట పట్టి నోరెండుటయే దాని గుర్తు. పోటీకి సిద్ధమగువారు అంతకు మించి శ్రమించక తప్పదు. అట్టి దినము మరునాడు తేలిక వ్యాయామముతో సరిపెట్టవలెను.

ఆ యువకునికి లేహ్యమేదియు ఇవ్వలేదు. నెల తరువాత వచ్చి నాలుగవ చుట్టు ఆగకుండ పూర్తిచేయుచున్నానని చెప్పినాడు. పరీక్ష ఇంకను ముందున్నది. ఈసారి మాత్రము అతడు లేహ్యము అడుగలేదు. మజ్జిగలో జీలకర్ర ఎంత వేయవలెనని అడిగినాడు.