ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ ఉద్యోగాల ఎంపికలో హోదా కన్న విధులే ముఖ్యం
ధర్మపురి ప్రాంత పట్టభద్రులు తెలుసుకోవలసిన అంశాలు

ధర్మపురి: గోదావరి తీరాన శ్రీ లక్ష్మీనరసింహస్వామి కొలువైన ధర్మపురి పరిసర గ్రామాల నుంచి ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లడం దశాబ్దాలుగా సాగుతున్నది. ఇప్పుడు అవే కుటుంబాలకు చెందిన పట్టభద్రులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం హైదరాబాదు దారి పడుతున్నారు. వారిని ఆకర్షిస్తున్న హోదాలలో ప్రొడక్ట్ మేనేజర్ ఒకటి. అయితే ఆ ఉద్యోగ స్వరూపం తెలియక దరఖాస్తు చేసినట్లయితే డబ్బు, కాలం రెండూ వృథా కాగలవు.

తెలుగులో ‘ఉత్పత్తి’ అనే మాట వస్తువుకూ, తయారీకీ కూడా వర్తిస్తున్నందున దీనిని కర్మాగార పర్యవేక్షణగా పొరబడే అవకాశం ఉంది. వాస్తవానికి వినియోగదారుల ఇబ్బందిని గుర్తించి, ఏది ముందు రూపొందించాలో, ఏది అవసరం లేదో నిర్ణయించడం ఈ ఉద్యోగి బాధ్యత. పనిని గడువులోగా పూర్తి చేయించేది ప్రాజెక్ట్ మేనేజర్ కాగా, అసలు ఆ పని చేయదగినదా అని తేల్చేది ప్రొడక్ట్ మేనేజర్. 1931లో అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో నీల్ మెకెల్‌రాయ్ ఒక్కొక్క బ్రాండుకు ప్రత్యేక బాధ్యులు ఉండాలని ప్రతిపాదిస్తూ రాసిన పత్రాన్ని ఈ వృత్తికి మూలంగా పరిగణిస్తారు.

కొత్త పట్టభద్రులకు ఈ ఉద్యోగం నేరుగా లభించడం అరుదు. టెస్టింగ్, కస్టమర్ సపోర్ట్, బిజినెస్ అనలిస్ట్ పనులలో అనుభవం గడించి ఇందులో ప్రవేశించడం అనుకూలమైన మార్గం. ప్రకటనలో హోదా ఏదైనప్పటికీ అమ్మకాల లక్ష్యాలు మాత్రమే పేర్కొంటే అది విక్రయ ఉద్యోగమేనని గ్రహించాలి.

సాధనకు దూరం వెళ్లనవసరం లేదు. ధర్మపురికి వచ్చే భక్తులు స్నానఘట్టం, దర్శనం, వసతి, తిరుగు బస్సు వివరాలకై ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో స్వయంగా అడిగి తెలుసుకుని, మొదట పరిష్కరించవలసినది ఏదో, ఎందుకో ఒక పుటలో రాయగలిగితే, ఇంటర్వ్యూలో ఏ ధ్రువపత్రానికీ తీసిపోని ఆధారం కాగలదు.

జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007లో ఏర్పాటైన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, 2020లో ప్రారంభమైన కరీంనగర్ ఐటీ టవర్ ఈ ప్రాంతానికి సమీపంలో ఉన్నాయి. హైదరాబాదులో 2015లో ప్రారంభమైన టీ-హబ్ అంకుర సంస్థలకు వేదికగా ఉంది. చిన్న సంస్థలలో ఒకే ఉద్యోగి పలు విధులు నిర్వర్తించవలసి రావడం నేర్చుకునేవారికి మేలు చేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉద్యోగార్థుల నమోదు ఉచితం.

ఉద్యోగం ఖాయమంటూ ముందుగా రుసుము కోరేవారి పట్ల అభ్యర్థులు, తల్లిదండ్రులు అప్రమత్తంగా ఉండటం ఎంతైనా అవసరం.