కిట్‌లో నెగెటివ్ వస్తే మలేరియా లేనట్టేనా?

ఎపిసోడ్ వినే తీరిక దొరకనివాళ్ల కోసం అందులోని ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

మలేరియా అనుమానం ఉంటే వేలు పొడిచి, చిన్న ప్లాస్టిక్ కిట్‌లో ఒక చుక్క రక్తం వేసి చూస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం వచ్చేస్తుంది. దీన్నే ఆర్‌డీటీ అంటారు. మన పాడేరు, అరకు ఏజెన్సీలో ఆశా వర్కర్లు వాడేదీ ఇదే. మైక్రోస్కోపు, ల్యాబ్ లేని చోట్ల బాగా పనికొస్తుంది. మరి ఎంతవరకు నమ్మొచ్చు?

కిట్ మలేరియా క్రిమిని నేరుగా చూడదు, అది విడిచే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఫాల్సిపారమ్ రకం కోసం చాలా కిట్లు వెతికేది హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్. దీంతో రెండు చిక్కులున్నాయి. మందులు వేసుకుని జ్వరం తగ్గాక కూడా ఈ ప్రోటీన్ కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. అంటే నయమైనవాళ్లకీ పాజిటివ్ రావచ్చు. రెండోది, కొన్ని క్రిములు అసలు ఈ ప్రోటీన్‌నే తయారు చేయవు. పెరూలో, ఎరిత్రియాలో ఇలాంటివి బయటపడ్డాయి. అప్పుడు జబ్బున్నా నెగెటివ్ రావచ్చు.

కిట్ల నాణ్యత తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 నుంచి వరుసగా పరీక్షలు జరిపించింది. ఒక మైక్రోలీటరు రక్తంలో 200 క్రిములే ఉన్నా పట్టుకోగలదా? క్రిమి లేని రక్తానికి పాజిటివ్ చూపిస్తోందా? రెండు నెలలు 35, 45 డిగ్రీల వేడిలో ఉంచాక కూడా పనిచేస్తుందా? ఇలా చూశారు. ఇందులో పాసైన కిట్ కూడా 200 కంటే బాగా తక్కువ క్రిములుంటే తప్పిపోవచ్చు. జ్వరం మొదలైన కొత్తలో జరిగేది ఒక్కోసారి ఇదే.

ఇక ఒమన్ సంగతి. 1990లో ఇక్కడ 32 వేలకు పైగా మలేరియా కేసులు వచ్చాయి. 1991లో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టారు. 2004 నుంచి 2006 వరకు ఇక్కడే అంటుకున్న కేసు ఒక్కటీ లేదు. ఇప్పుడు కనిపించే కేసుల్లో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి వచ్చేవే. అయినా క్రిమిని మోసే దోమలు ఇంకా ఉన్నాయి. 2014లో వలస కార్మికుల్లో వైవాక్స్ మలేరియా ఇక్కడే ఒకరి నుంచి ఒకరికి పాకింది. కాబట్టి ఒకరి జ్వరాన్ని త్వరగా గుర్తిస్తే రూమ్‌లో మిగతావాళ్లనీ కాపాడినట్టే.

మన దేశం నుంచి వచ్చేవాళ్లలో వైవాక్స్ ఎక్కువగా కనిపిస్తుంది. ఇది కాలేయంలో నెలల తరబడి దాక్కుని, మళ్లీ జ్వరం తెప్పిస్తుంది. దాక్కున్న క్రిమిని ఏ ఆర్‌డీటీ చూపించలేదు. అందుకే సెలవు నుంచి వచ్చి నాలుగైదు నెలలైనా సరే, చలిజ్వరం వస్తే డాక్టరుకి "ఫలానా నెలలో ఊరెళ్లొచ్చాను" అని మీరే ముందుగా చెప్పండి. డాక్టరు అడగకపోవచ్చు.

కిట్ చూసేటప్పుడు గుర్తుంచుకోండి:

- సి గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, కొత్త కిట్‌తో మళ్లీ చేయాలి.
- ప్యాకెట్ మీద రాసిన టైంకే చూడాలి. గంట తర్వాత కనిపించిన గీతని లెక్కలోకి తీసుకోకూడదు.
- ఎక్స్‌పైరీ డేట్ చూడండి. వేసవిలో బండిలో ఉంచేసిన కిట్‌ని నమ్మొద్దు.
- నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే, మైక్రోస్కోపు కింద రక్తపు స్లైడ్ చూడమని అడగండి. మరుసటి రోజు మళ్లీ పరీక్ష చేయించుకోండి.

వైవాక్స్ అని తేలితే కాలేయంలోని క్రిమికి ప్రిమాక్విన్ లాంటి మందు ఇస్తారు. దానికి ముందు జీ6పీడీ అనే రక్తపరీక్ష చేయాలి. ఒంట్లో ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్లకి ఈ మందు వల్ల ఎర్రరక్తకణాలు పగిలిపోవచ్చు. జ్వరం తగ్గింది కదా అని కోర్సు మధ్యలో ఆపేయకండి.

జ్వరంతో పాటు మత్తుగా ఉన్నా, మాట తడబడినా, కళ్లు పచ్చబడినా, ఊపిరి ఆడకపోయినా కిట్ ఫలితం కోసం ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.