ఉత్తమ అధ్యాపక పురస్కారం - దరఖాస్తు రచన

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినమైన సెప్టెంబరు 5వ తేదీని మన దేశం 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొనుచున్నది. పాఠశాల ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958లోనే ఆరంభమైనవి. 2023లో పురస్కృతులైన 75 మందిలో 13 మంది ఉన్నత విద్యాసంస్థలకు, పాలిటెక్నిక్‌లకు చెందినవారు. దీనికి అధ్యాపకుడు తన పేరును తానే పంపుకొనవచ్చును. చిక్కు అచ్చటనే ఉన్నది.

తన గొప్ప తాను చెప్పుకొనుట ఆత్మస్తుతి యని తెలుగువారు వెనుకాడుదురు. ఉర్దూ మర్యాదలో పెరిగినవారు తమను తాము ‘నాచీజ్’ అని చెప్పుకొందురు. ఈ రెండు సంకోచాలూ ఒక్కచోట చేరిన మన కళాశాల వంటి సంస్థలో దరఖాస్తు పంపకుండుటయే ఆచారమైపోయినది. ఎవరైన సాహసించి వ్రాసినను, “విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి అహర్నిశలు కృషి సలిపితిని” అను వాక్యంతో ముగించుచున్నారు. ఆ వాక్యం దేశంలోని ఏ అధ్యాపకునికైనను వర్తించును. కనుక దానివలన నిర్ణేతలకు తెలిసేది శూన్యం.

దరఖాస్తులో చెప్పవలసినది మన గొప్ప కాదు, తరగతిలో జరిగిన పని అని మా అభిప్రాయం. ఒక ఉదాహరణం చూతము. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులకు తెలుగు బోధించు అధ్యాపకుడున్నాడనుకొందము. ఉర్దూ లిపిలో హ్రస్వ ఎకారానికి, దీర్ఘ ఏకారానికి వేర్వేరు గుర్తులు లేవు. ఒ, ఓల సంగతియు అంతే. ళ, ణలకు ప్రత్యేకాక్షరాలు లేవు. అందుచేత ‘మేడ’ ‘మెడ’ అగును, ‘కోన’ ‘కొన’ అగును, ‘కళ’ ‘కల’ అగును. “మా తాతగారు పెద్ద మెడ కట్టించినారు” అని చదివి నవ్వుకొనే పరీక్షకుడు, అది అశ్రద్ధ కాదనియు, ఒక లిపి అలవాటు మరొక లిపిలోనికి వచ్చినదనియు గ్రహింపడు.

ఈ అధ్యాపకుడు తన దరఖాస్తులో మొదట ఈ కారణాన్ని వివరింపవలెను. పిదప ఇట్టి జంటపదాలను ఎట్లు పలికించెనో, ఎన్ని వారాలు వ్రాయించెనో తెలుపవలెను. జూలైలో వ్రాయించిన ఉక్తలేఖనాన్నే ఫిబ్రవరిలో మరల వ్రాయించి, ఒకే విద్యార్థి వ్రాసిన ఆ రెండు కాగితాలను జతపరుపవలెను. ఏ తప్పులు తొలగినవో చెప్పుటతోపాటు ఏవి తొలగలేదో కూడ చెప్పినచో, చదువువారికి మిగిలిన మాటలపై నమ్మిక కలుగును.

ఉత్తీర్ణతా శాతం ఒక్కటే చూపుట మనవంటివారికి నష్టదాయకం. మంచి మార్కులవారినే చేర్చుకొను కళాశాల శాతముతో, తమ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటివారిని చేర్చుకొను కళాశాల శాతాన్ని పక్కపక్కన పెట్టినచో మనము చేసిన పని కనబడదు. విద్యార్థి ఎచ్చట బయలుదేరెనో వ్రాసిననే ఎంత దూరం వచ్చెనో తెలియును.

సిఫారసు లేఖల విషయం క్లుప్తంగా చెప్పెదము. సత్ప్రవర్తన కలవాడని వ్రాసే లేఖ కంటె, ప్రిన్సిపాలుగారు ఫలానా దినమున తరగతిలో కూర్చుండి చూచినది వ్రాసిన లేఖ మేలు. విద్యార్థుల లేఖలు చదువు ముగించి వెళ్లినవారి నుండి తీసికొనవలెను. మార్కులు మన చేతిలో ఉన్నవారిని అడుగుట న్యాయం కాదు. అందును ప్రథమ శ్రేణివాని కంటె, రెండవ ప్రయత్నంలో గట్టెక్కినవాని మాటకు బరువెక్కువ.

ఇట్టి ఆధారాలు దరఖాస్తు గడువుకు వారం ముందు వెదకిన దొరకవు. మొదటి నెలలో విద్యార్థులు వ్రాసిన కాగితాలు ఏటేటా పాత కాగితాలవానికి తూకమునకు పోవుచున్నవి. కమిటీవారు ప్రతి శాఖకు తాళమున్న బీరువా ఒకటి, ఆ కాగితాలను తేదీలవారీగా భద్రపరచుటకు ఒక రిజిస్టరు ఇప్పింపవలెనని కోరుచున్నాము. రాబోవు జూలైలో వ్రాయించు మొదటి ఉక్తలేఖనం నుండియే దానిని ఆరంభింపవచ్చును.